మూడు వంతుల మంచు, ఒక వంతు ఉప్పు

మందుల షాపావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ కాళ్లకు ఒక్క చెప్పే ఉంది. రెండోది ఎక్కడ ఊడిపోయిందో ఆవిడకే తెలియదు. తెల్లకోటు జేబు చిరిగి వేలాడుతోంది.

టైపిస్టు కుర్చీ లాగి కూర్చోబెట్టి గ్లాసుడు నీళ్లిచ్చింది. పదకొండేళ్లుగా ఆ డిటెక్టివ్ ఆఫీసులో ఉత్తరాలు కొట్టేదీ, ఏడ్చేవాళ్లకు నీళ్లిచ్చేదీ, అయ్యగారి వెంట తిరిగి అన్నీ రాసుకునేదీ ఆవిడే. అయ్యగారిని జనం భూతద్దం అంటారు. నిజానికి ఆయన దగ్గర భూతద్దం ఏనాడూ లేదు. ఉన్నవల్లా కాస్త పొట్ట, చత్వారపు కళ్లజోడు, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినే ఓపిక. ఆ మూడోది తన మొగుడికి రవ్వంత ఉన్నా ఎంత బాగుండునో అని టైపిస్టు రోజుకొక్కసారైనా అనుకునేది.

"నా షాపు మీద రాళ్లేశారండీ. దొంగమందు అమ్మానంటున్నారు. సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టరు వచ్చి సీలు వేస్తాడట. ఇరవయ్యేళ్ల షాపు!" అంది ఆవిడ.

"ముందు ఆ మందు ఎవరు వాడారో, వాళ్లకేమైందో చెప్పండి," అన్నాడు భూతద్దం.

"పీపా తాత మనవరాలు. తొమ్మిదేళ్ల పిల్ల. షుగరు. రోజూ ఇన్సులిన్ సూది పడితేగానీ గడవదు. నిన్న పొద్దున స్పృహ తప్పింది, ఇంకా కళ్లు తెరవలేదు. ఒక్కపూట కూడా మానకుండా సూది వేశాం, అయినా షుగరు దిగలేదంటే మందులో పస లేనట్టేగా అంటోంది తల్లి. అది కాదనడానికి నాకు నోరు రావడం లేదు."

పీపా తాతను తెలియనివాళ్లు లేరు. చెక్కపీపా మధ్యలో పాలడబ్బా పెట్టి, పిడి తిప్పుతూ నలభై ఏళ్లుగా ఐస్‌క్రీం చేసి అమ్ముతున్న మనిషి. చిన్నప్పుడు టైపిస్టు కూడా ఆయన ముందు గిన్నె పట్టుకుని నిలబడింది.

షాపు ముందు అద్దం పెంకులు ఇంకా ఊడవలేదు. భూతద్దం వాటిని దాటుకుని లోపలి ఫ్రిజ్ తెరిచాడు. లోపల థర్మామీటరు నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. పక్కన వేలాడే కాగితం మీద పూటపూటకీ రాసిన అంకెలున్నాయి. నాలుగు, అయిదు, నాలుగు, నాలుగు. ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

"ఆ పిల్లకిచ్చిన సీసా ఏ పెట్టెలోది?"

"ఇదిగో, ఇందులోదే. పది సీసాల పెట్టె. ఏడు అమ్మాను, మూడు మిగిలాయి."

ఆయన ఒక సీసా తీసి రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాడు. అడుగున పేరుకున్న తెలుపు కలిసిపోయి మందంతా ఒకే తీరుగా, పల్చటి పాలలా అయింది. ఆ మందు ఉండాల్సిన తీరు అదే. టైపిస్టు మిగతా ఆరుగురికీ ఫోన్లు చేసింది. ఆరుగురికీ షుగరు అదుపులోనే ఉంది. కాకపోతే పొద్దుటి గొడవ చెవినపడి, ఇద్దరు భయంతో సీసాలు చెత్తబుట్టలో పారేశారు.

"అయితే నేను బయటపడ్డట్టేనా?" అంది షాపావిడ ఆశగా.

"పెట్టె మంచిదేనని తేలింది. ఆ ఒక్క సీసాకి ఏమైందో తేలందే ఇన్‌స్పెక్టరు వింటాడా?" అంటూ ఆయన బయటికి నడిచాడు.

ఆసుపత్రిలో మూడింటిదాకా ఎవర్నీ లోపలికి రానివ్వరు. అందుకని తల్లీ తాతా ఇంటి దగ్గరే ఉన్నారు. తల్లి పిల్ల బట్టలు మడతపెట్టి సంచిలో పెడుతోంది. పెట్టినవే తీసి మళ్లీ మడతపెడుతోంది.

"ఆవిడ తరఫున వచ్చారా? నా పిల్ల అక్కడ అలా పడుంటే మీకు చేతులెలా వచ్చాయండీ నా గుమ్మం తట్టడానికి?"

"మందు ఎందుకు పనిచేయలేదో తెలుసుకుందామనే వచ్చానమ్మా. అది మీకూ కావాల్సిందేగా?"

ఆమె మళ్లీ బట్టలు మడతపెట్టసాగింది. పొమ్మని మాత్రం అనలేదు.

వంటగది గోడ మీద మనిషెత్తున నిలువుగా ఒక మరక ఉంది. దాని ముందు నేలంతా ఖాళీ.

"ఫ్రిజ్ ఏదమ్మా?"

"రిపేరుకి పోయింది. రెండ్రోజుల్లో తెస్తానన్నాడు మెకానిక్. ఇవాళ్టికి ఆరో రోజు."

"మరి ఇన్సులిన్ ఎక్కడ పెట్టారు?"

దానికి పెరట్లోంచి తాత సమాధానం చెప్పాడు. "ఫ్రిజ్ లేకపోతేనేం బాబూ, నేను లేనూ? చల్లదనం నా చేతిలో పని. వేడెక్కితే మందు పాడవుతుందన్నాడు డాక్టరు. వేడనేదాన్ని ఆ మందు దరిదాపులకి రానివ్వలేదు నేను. రెండుపూటలా మంచు మార్చాను. కావాలంటే చూడండి."

పెరడంటే నాలుగు బారల జాగా. ఒక మూల పీపా, దాని పక్కన రంపప్పొట్టు కప్పిన మంచు దిమ్మ, దాని వెనక కల్లుప్పు బస్తా. గోడనీడన మూతున్న రేకుడబ్బా, అందులో కరిగిన మంచునీళ్ల మధ్య ఇన్సులిన్ సీసా. డబ్బా అంచు చుట్టూ తెల్లటి చార కట్టింది. మూత బందులు ఎర్రగా తుప్పుపట్టాయి. డబ్బా కిందికి నీళ్లు కారి తడిసిన బండను పక్కింటి మేక ఒకటి దీక్షగా నాకుతోంది.

"పొద్దస్తమానం ఇదే పని దీనికి, తరిమినా పోదు," అన్నాడు తాత, దాన్ని అదిలిస్తూ. అదిలించిన చేతి బొటనవేలి మీద, చూపుడువేలి మీద పొక్కులున్నాయి.

"పొయ్యి దగ్గర కాలిందా పెద్దాయనా?"

"నేను పొయ్యి దగ్గరికెందుకు పోతాను బాబూ? ఎక్కడ తగిలిందో మరి."

"నాన్నకి తన ఒంటి సంగతి పట్టదు. సూదికి గంట ముందే సీసా బయటికి తీసి గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేవాడు, పిల్లకి చల్లమందు గుచ్చితే నొప్పెడుతుందని," అంది తల్లి గుమ్మంలోంచి.

భూతద్దం ఆ సీసా తీశాడు. సీసా మీది కాగితం ముడతలుపడి, దాని మీద తెల్లటి పొడి అంటుకుని ఉంది. అరచేతుల మధ్య దొర్లించాడు. ఎంతసేపు దొర్లించినా మందు కలవలేదు. విరిగిన పాలలా పలుకులు పలుకులుగా సీసా గోడలకు అంటుకుపోయింది.

"చూశారుగా! అది మందేనా?" అంది తల్లి.

ఆయన వంగాడు. డబ్బా అంచు మీది తెల్లచార వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు. ఆయన ముఖం అలా పాలిపోవడం టైపిస్టు పదకొండేళ్లలో ఎన్నడూ చూడలేదు.

"సీసా తీసుకెళ్తానమ్మా. మూడింటికి ఆసుపత్రిలో అందరి ముందూ చెప్తాను," అన్నాడు.

వీధిలోకి వచ్చారు. రెండు సందులు దాటాక టైపిస్టు ఉండబట్టలేక అడిగింది.

"తెలిసిందా సార్?"

"తెలిసింది. తెలియకపోయినా బాగుండేది."

"ఎవరు?"

"ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు టైపిస్టుగారూ. అదే వచ్చిన చిక్కు."

మేకా, బస్తా, పొక్కులూ ఆవిడ మనసులో ఒక్కొక్కటిగా ఒకచోటికి చేరాయి. ఆవిడ ఆగిపోయింది. "సార్, పెట్టె మంచిదని మాత్రం చెప్పి ఊరుకుందాం. ఆ ముసలాయనకి చెప్పొద్దు."

"ఊరుకుంటే నాలుగింటికి ఈవిడ షాపు మూతపడుతుంది. సరే, అది ఎలాగో ఆపుతాననుకోండి. రేపు ఆ పిల్ల లేచి ఇంటికొస్తే, ఆయన మళ్లీ అదే డబ్బాలో, అదే ప్రేమతో పెడతాడుగా?"

అయ్యగారంటే ఎప్పుడూ గర్వపడే మనిషికి ఆ క్షణంలో ఆయన తెలివంటే ఒళ్లుమండింది.

మూడు గంటలకు ఆసుపత్రి వసారాలో అందరూ చేరారు. బెంచీ మీద తల్లీ తాతా, ఎదుటి గోడకు ఆనుకుని షాపావిడ, చేతిలో సీలు సామానుతో ఇన్‌స్పెక్టరు, మెడలో గొట్టంతో డాక్టరు. భూతద్దం కిటికీ గట్టు మీద రెండు స్టీలు గిన్నెలు పెట్టాడు. రెంటిలోనూ మంచునీళ్లే, రెంటిలోనూ థర్మామీటర్లు.

"షాపులో మిగిలిన మూడు సీసాలూ నా దగ్గరున్నాయి. పాప వాడిన పెట్టెలోవే. ఒకటి ఈ మొదటి గిన్నెలో, ఇంకోటి రెండోదాంట్లో గంట నుంచి ఉన్నాయి, రెంటినీ గుడ్డలో చుట్టి పెట్టాను. ఇన్‌స్పెక్టరుగారూ, ఇక్కడ ఎంత ఉంది?"

"సున్నా," అన్నాడు ఇన్‌స్పెక్టరు వంగి చూసి.

సీసా తీసి దొర్లిస్తే మందు చక్కగా కలిసింది. "రెండో గిన్నెలో?"

"సున్నాకి పదహారు డిగ్రీలు కింద! ఇదెలా? రెండూ మంచేగా?"

ఆ గిన్నెలోంచి తీసిన సీసాలో మందు రాయిలా గడ్డకట్టి ఉంది. భూతద్దం జేబులోంచి ఇంకో రెండు సీసాలు తీశాడు. "మూడోదాన్ని మధ్యాహ్నం ఇలాగే గడ్డకట్టించి, చేతుల్లో పెట్టుకుని కరిగించాను. ఇదిగో. పక్కనున్నది పాప ఇంటి సీసా. చూడండి."

రెండింట్లోనూ అవే పలుకులు. తేడా కనుక్కోవడం ఎవరి తరమూ కాలేదు.

"ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే చచ్చినట్టే. కరిగినా పనిచేయదు," అన్నాడు డాక్టరు మెల్లగా.

"అంటే షాపావిడ ఇచ్చింది మంచి మందే. ఇచ్చాక గడ్డకట్టింది," అన్నాడు భూతద్దం. ఎలా గడ్డకట్టిందో తన నోటితో అనలేక, కిందికి వంగి తాత ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "పెద్దాయనా, మీ పనిలో మంచుకి ఉప్పెందుకు కలుపుతారు?"

తాత ముఖం విప్పారింది. ఆసుపత్రికి వచ్చినప్పటినుంచీ ఆయన్ని ఎవరైనా ఆయనకు తెలిసిన సంగతి అడగడం అదే మొదలు.

"ఉప్పు లేకపోతే పనే లేదు బాబూ. ఉత్త మంచు ఒక గీత దగ్గర ఆగిపోతుంది. ఎంత కూరినా అంతకంటే చల్లబడదు, పాలు పాలుగానే ఉంటాయి. ఉప్పు పడిందా, అంత చలిలోనూ మంచు కరగడం మొదలెడుతుంది. కరగాలంటే దానికి వేడి కావాలి. ఎక్కడిది తెచ్చుకుంటుంది? పక్కనున్న నీళ్లలోంచి, మధ్యలో ఉన్నదాంట్లోంచి లాక్కుంటుంది. అలా లాక్కుని లాక్కుని చివరికి..." ఆయన చేతులతో పీపా ఆకారం చూపిస్తున్నాడు. "మూడు వంతుల మంచుకి ఒక వంతు ఉప్పు. చివరికి మధ్యలో ఉన్నది..."

చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"గడ్డకడుతుంది," అన్నాడు. ఆ మాట పక్కవాళ్లకు వినపడీ వినపడనట్టుగా వచ్చింది.

"నాన్నా, రోజూ ఉప్పు వేశావా?" అంది తల్లి.

"గట్టిపడ్డా గుప్పిట్లో కరుగుతోందిగా అనుకుని ఎక్కువే వేశానమ్మా. పాపకి కదా అని."

భూతద్దం నిలబడి మిగతాది ముగించాడు. రెండో గిన్నెలో తను కలిపిందీ ఉప్పే. డబ్బా అంచు మీద చార, మందు కాగితం మీద పొడి, తుప్పు, అన్నీ ఉప్పువే. మేక నాకింది కూడా ఉప్పుకోసమే. వేళ్ల మీద పొక్కులు మంటవి కావు, అంత చలికి చర్మం కమిలితే వచ్చేవి. ఫ్రిజ్ పోయిన రోజు నుంచీ పిల్లకు పడినవన్నీ వట్టి నీళ్ల సూదులతో సమానం. అంతా పూసగుచ్చినట్టు చెప్పాడుగానీ ఎప్పుడూ అందులో ఉండే హుషారు లేదు. టైపిస్టు రాసుకోవడం ఎప్పుడో మానేసింది.

"వేడి తగలకూడదని చెప్పానేగానీ, గడ్డకట్టకూడదని నేను చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాను," అన్నాడు డాక్టరు.

"నేనూ అంతే. ఫ్రిజ్‌లో పెట్టుకోండని సంచిలో వేసిచ్చాను," అంది షాపావిడ. ఇన్‌స్పెక్టరు సీలు సామాను సంచిలో సర్దుకుంటున్నా ఆవిడ అటు చూడలేదు. గెలిచినందుకు సంతోషపడాలో కూడదో ఆవిడకు తెలియడం లేదు.

తల్లి తండ్రిని తిట్టాలని చూసింది. నోరు తెరిచింది కూడా. ఆ పొక్కుల వేళ్లు చూసి మళ్లీ మూసేసుకుంది. చివరికి డాక్టరు వైపు తిరిగి, "ఇప్పుడేం చేయాలండీ?" అని అడిగింది.

"షుగరు దిగుతోంది. కళ్లెప్పుడు తెరుస్తుందో మాత్రం చెప్పలేను. ఎదురుచూడటం తప్ప మన చేతుల్లో ఏం లేదమ్మా."

ఒకరొకరుగా లోపలికి వెళ్లి చూడనిచ్చారు. తల్లి వెళ్లొచ్చాక తాత వెళ్లాడు. సగం తెరిచిన తలుపులోంచి టైపిస్టుకు అన్నీ కనిపిస్తున్నాయి. మంచం పక్కన వేలాడే సీసాలోంచి చుక్క చుక్కగా ఏదో పిల్ల చేతిలోకి దిగుతోంది. తాత దానివంక తలెత్తి చూశాడు.

"అందులో ఏముందమ్మా?" అని నర్సును అడిగాడు.

"ఉప్పునీళ్లు తాతా."

ఆయన సీసాలోంచి జారే చుక్కల్ని చూశాడు. కాసేపటికి, "ఎంత కలిపారు?" అన్నాడు.

"లీటరుకి తొమ్మిది గ్రాములు. చిన్న చెంచాతో రెండు కూడా నిండవు."

"అంతే చాలా?"

"అంతే తాతా. పిల్లకి ఎక్కువ పడకూడదు."

తాత తల ఊపాడు. దుప్పటి మీద ఉన్న పిల్ల చేతి దాకా తన చెయ్యి చాచి, అందుకోబోయి, వెనక్కి లాక్కున్నాడు.

"నా చేతులు చల్లగా ఉంటాయమ్మా. ముట్టుకోవచ్చా?"

ముట్టుకోవచ్చని నర్సు చెప్పింది. ఒకటికి రెండుసార్లు చెప్పింది. అయినా ఆయన రెండు చేతులూ చంకల్లో దోపుకుని, అవి వెచ్చబడేదాకా ఆ స్టూలు మీద అలాగే కూర్చున్నాడు.