ఎర్ర లైటు వెలగకూడదు

“రంగు నీ చీరదే,” అంది జానకి మూడోసారి.

“నా చీర ఎర్రది అత్తమ్మా. మామయ్య ధోవతికి అంటింది నీలం.”

“ఎర్రదైతేంది? ఈ ఇంట్ల ఏది ఖరాబైనా నీ చేతులనే అయితది.”

అనురాధ భర్త విశ్వజిత్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. జగిత్యాలలోని ఆ ఇంటికి అనురాధ చీరల వ్యాపారం చేసే కోడలు. ఆమె సీక్రెట్ ఏజెంట్ అని అక్కడెవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి సిరిసిల్ల చేరింది. మరమగ్గాల చప్పుడు మాటున చీఫ్ సుదర్శన్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

“కోరుట్లల విదేశీ ముఠా దిగింది. మన ఏజెంట్లను పసిగట్టెతందుకు, గల్ఫ్ ఉద్యోగాల టెస్ట్ అని తలకు సెన్సర్ల టోపీ పెడ్తున్నరు. నమ్మాలనిపించే తప్పుడు తర్కం వినిపిస్తరు. మామూలు మనిషి కరెక్టే అనుకుంటడు. ట్రైనింగ్ అయినోళ్లు నమ్మకాన్ని ఆపి ఆలోచిస్తరు. అప్పుడు మెదడుల కుడి ముందుభాగం పనిజేస్తది. టోపీ మీద ఎర్ర లైటు పడ్తది. ఎనుకనే తూటా.”

“నోటితోని కరెక్ట్ అంటే?”

“మెదడే నమ్మాలె. ఆ టోపీ సాఫ్ట్‌వేర్ ఇయ్యాల దేశం దాటితే మనోళ్లు ఎక్కడా దాసుకోలేరు. నువ్వు నౌకరీకి వచ్చినట్టు పోయి ఆపాలె. లోపల మన ఏజెంట్ రాధిక ఉన్నది. కోడ్ చెప్పు, సాయం జేస్తది.”

“ఆమె మనామెనే అని ఎట్ల నమ్ముడు?”

“మనోళ్లందరికి కోడ్ తెలుసు. ఆమెకూ తెలుసు. అంటే మనామెనే.”

“కోడ్ దొంగిలించినోళ్లకు గూడ తెలుస్తది సార్.”

కోరుట్లలో టెస్ట్ పెట్టే గదిలో రాధిక పట్టుచీరలో మెరిసిపోతోంది. ఒడిలో బరువైన హ్యాండ్‌బ్యాగ్.

“సిరిసిల్లల ఎవరన్నా ఏమన్న చెప్పమన్నరా?” అంది తీయగా.

“లేదు మేడం.”

టోపీ అనురాధ తలకు బిగిసింది. కంప్యూటర్‌లోంచి ప్రశ్న వినిపించింది.

“అత్తలందరూ తప్పులు పట్టేవాళ్లే. లక్ష్మవ్వ తప్పులు పడుతుంది. కాబట్టి లక్ష్మవ్వ అత్తే. అవునా?”

పొరుగావిడ కూడా తప్పులు పట్టొచ్చు కదా... పసుపు లైటు మిణుకుమంది. రాధిక చేయి బ్యాగ్‌లోకి వెళ్లింది.

అనురాధ ఆలోచన ఆపేసింది. ఎర్ర చీర, నీలం మరక గుర్తు తెచ్చుకుంది. పదహారేళ్ల కాపురంలోని కోపం ఒక్కసారిగా తలకెక్కింది.

“అత్త గాక ఇంకెవ్వరు? అత్తనే!”

పచ్చ లైటు.

“పో అమ్మా, నీకు నౌకరీ రాదు,” అని రాధిక కంప్యూటర్ వైపు తిరిగి అప్‌లోడ్ నొక్కింది. అనురాధ గాజు తిప్పింది. అందులోని జామర్ తొంభైతొమ్మిది శాతం దగ్గర నెట్ ఆపేసింది. రాధిక బ్యాగ్ అందుకునేలోపు అనురాధ ఆమె చేతులు టోపీ వైర్లతో వెనక్కి కట్టేసింది.

“పచ్చ లైటు వచ్చింది గద!” అని అరిచింది రాధిక. “నువ్వు నిజంగనే నమ్మినవ్!”

“అవును,” అంది అనురాధ. ఆ మాట ఆమెకే కొత్తగా వినిపించింది.

రాత్రి భోజనాల దగ్గర జానకి పప్పులో ఉప్పు ఎక్కువైందంది. అనురాధ అందరికీ చారు వడ్డించి, గొంతు పెంచకుండా చెప్పింది.

“రేపటి సంది నేను సిరిసిల్లల వేరే ఇంట్ల ఉంట. వచ్చెటోళ్లు రావచ్చు.”

విశ్వజిత్ ఫోన్ కింద పెట్టాడు.

“తలకాయ మంచిగనే ఉన్నదా బిడ్డా?” అన్నాడు మామ హనుమంత రావు.

“పరీక్ష చేయించుకున్న మామయ్యా. మంచిగనే ఉన్నదట.”