అన్నయ్య గీసిన నలుపు

పటాల గది తలుపు తెరిచేసరికి అన్నయ్య బల్ల మీద బోర్లా పడి ఉన్నాడు. మెడలోంచి కారిన రక్తం పెన్సిళ్ల కిందకు పాకింది. గోడ మీద ప్రపంచపటం లేదు.

ఏజెంట్‌కు ఏడుపు రాలేదు. పెన్సిళ్లు తడవకుండా పక్కకు తీయాలనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మీ అన్న ఏం గీశాడో తెలుసుగా?" అన్నాడు వెనకే వచ్చిన చీఫ్.

"ఏ ఊరి గురించి లోకానికి ఎంత తెలుసో. పుస్తకాలు, వార్తలు దండిగా ఉన్నచోట తెలుపు. ఏమీ లేనిచోట నలుపు."

"పటం ఎత్తుకెళ్లిన ముఠా దగ్గర విషవాయువు ట్యాంకర్ ఉంది. ఊరు ఊరంతా చచ్చినా ఎవరికీ తెలియని చోట టెస్ట్ చేస్తారట."

"అంటే, అన్నిటికన్నా నల్లటి చుక్క."

"ముఠాలో మన మనిషి మీ వదినే. ఏ ఊరో ఆవిడ కబురు పంపిస్తుంది. ఆగు."

ఏజెంట్ ఆగలేదు. పటాలు గీసేవాళ్లకో అలవాటుంది. కాపీ కొట్టేవాళ్లను పట్టుకోవడానికి లేని ఊరొకటి కలుపుతారు. లేని ఊరి గురించి ఎవరికేం తెలుస్తుంది? అన్నయ్య పటంలో అన్నిటికన్నా నల్లటి చుక్క అదే. ఈ సంగతి తమ్ముడికే చెప్పాడు, పెళ్లానికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఏజెంట్ అప్పుడే ఆలోచించాల్సింది.

మర్నాడు మధ్యాహ్నం, పటంలో ఆ చుక్క ఉన్నచోట, సరిహద్దు అవతలి రాళ్ల బీడులో గొర్రెలకాపరి వేషంతో మాటు వేశాడు. ట్యాంకర్ వచ్చి ఆగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. దిగింది వదిన.

"ఊరేదీ?" అన్నాడు డ్రైవర్.

"చచ్చి కూడా సాధిస్తున్నాడు నా మొగుడు. గుట్ట కింద ఇంకో ఊరుంది. పోనీ! అక్కడే రిమోట్ నొక్కేస్తా."

ఆమె ఎక్కి కూర్చోగానే ఏజెంట్ కాల్చాడు. డ్రైవర్ తల స్టీరింగ్ మీద వాలింది. వదిన, డ్రైవర్ శవాన్ని కిందికి తోసి, బండి ఉరికించింది. ఏజెంట్ ఫుట్‌బోర్డు మీదికి దూకి అద్దం పగలగొట్టాడు. ఆమె పేల్చిన గుండు అతని భుజం ఎముకను విరిచింది.

"దిగు మరిదీ! నీదెంతో నాదీ అంతే, ఉద్యోగం!"

"అన్నయ్యను చంపింది నువ్వేనా?"

"కత్తితో. తుపాకీకి చప్పుడెక్కువ."

గుట్ట కింద బడి వదిలారు. పిల్లలు రోడ్డెక్కారు. ఆమె మాస్కు తగిలించుకుని, రిమోట్ ఎత్తింది. ఇన్నేళ్లు తనకు అన్నం పెట్టిన మనిషి ముఖానికి గురిపెట్టలేక ఏజెంట్ చేతిని కాల్చాడు. బొటనవేలు, రిమోట్ ఒక్కసారే ముక్కలయ్యాయి. ట్యాంకర్ బండరాయిని గుద్దుకుని ఆగింది.

కాలర్ బొత్తంలోని వైర్‌లెస్ గరగరలాడింది.

"శభాష్!" అన్నాడు అంతా విన్న చీఫ్. "ఇది టాప్ సీక్రెట్. ఆ ఊళ్లో ఏం జరిగిందో లోకానికి తెలియడానికి వీల్లేదు."

ఏజెంట్ భుజం అదిమిపట్టుకున్నాడు.

"ముఠావాళ్లు కోరుకున్నదీ అదే కదా సార్."