పై అంచు పట్టుకున్న చెయ్యి

ఉదయం పది గంటల పది నిమిషాలకు మ్యూజియం మూడో గదిలో, సముద్రపు చిత్రం ఎదుట బెంచీ మీద, రహస్య కబుర్లు మోసే కొరియర్ మరణించి ఉన్నాడు. గడ్డం గుండెకు ఆనింది. చూసినవారు కునుకు తీస్తున్నాడనుకుని చప్పుడు చేయకుండా దాటిపోయారు. పక్కన కూర్చున్న ఏజెంట్ మాత్రం అతని చెవి వెనుక సూది గుచ్చిన గుర్తును చూసింది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అందరికీ అత్తయ్య. ఆరేళ్లుగా ఈ పరాయి దేశంలో రిటైర్డ్ టీచరు వేషంలో నివాసం. వారానికి మూడు రోజులు మ్యూజియం.

చెవి మిషన్ గరగరలాడింది. అది చెవుడు కోసం కాదు, చీఫ్ కోసం.

"రేపు పండుగ సెలవు. పదకొండింటికి అదే గదికి సైంటిస్ట్ వస్తాడు. విషవాయువు ఎవరెవరు కొన్నారో ఆ జాబితా అంతా అతని తలలోనే ఉంది. మనిషి ప్రాణాలతో కావాలి."

"ప్లాన్ బయటికి పొక్కింది. ఆపేయండి."

"ఎలా ఆపుతాం? అతనికి కబురందే దారి ఆ కొరియర్ ఒక్కడే. సంగతి తెలిసింది నలుగురికి. వాడు పోయాడు. మిగిలింది నేను, మీరు, మీ గైడ్."

"ఆ పిల్ల అలాంటిది కాదు."

"ఆరేళ్లు బొమ్మలు చూస్తూ కూర్చున్నారు అత్తయ్యా. ఒక్కరోజు మనుషుల్ని చూడండి."

చనిపోయినవాడి గురించి ఒక్క మాట లేదు. కుర్చీ దిగని మనిషి హితబోధ చాలనుకుని ఆమె చెవి మిషన్ ఆపేసింది. కాసేపటికి మ్యూజియం వాళ్లు శవాన్ని చూసి, గుండెపోటనుకుని తరలించారు.

మ్యూజియం గైడ్ అందగత్తె. ఎర్రటి పెదవులు, కట్టిపడేసే గొంతు. డిపార్ట్‌మెంట్‌కు రహస్య సహాయకురాలు కూడా. మొదటి ఏడాది ఇదే పండుగనాడు గదిలో ఒంటరిగా ఉన్న అత్తయ్యను బయటికి లాగి, కిటికీలో దీపం పెట్టడం నేర్పింది ఆమే. "చీకట్లో కూర్చుంటే వీధి వీధంతా నిన్ను ఆడిపోసుకుంటుందక్కా!" అంది. అప్పటి నుంచి ఏటా ఇద్దరూ కలిసే వెలిగించారు.

ఆ పండుగ సెలవునాడు మ్యూజియంలో ఒక ఆనవాయితీ ఉంది. నేలమాళిగలోని చిత్రాల్లో ఒకదాన్ని పదకొండింటికి పైకి తెచ్చి, జనం ముందే గోడకు తగిలిస్తారు. పిల్లాపాపలతో గది కిక్కిరిసింది. సైంటిస్ట్ వచ్చి, జనం ముందుకు రాకుండా కట్టిన తాడు దగ్గర నిలబడ్డాడు.

"ముందుకు రండి సార్. దగ్గర నుంచి చూస్తేనే బావుంటుంది" అంది గైడ్.

అత్తయ్య గైడ్ వైపు తిరిగింది. ఆరేళ్లలో ఆ గొంతు అందరినీ వెనక్కి జరగమనడమే తప్ప, ఒక్కరినీ ముందుకు పిలిచి ఎరగదు.

ఇద్దరు పనివాళ్లు చిత్రాన్ని మోసుకొచ్చారు. వెనుకవాడి ఒక చెయ్యి చట్రం కింద, రెండోది పక్కన ఉన్నాయి. ముందువాడు పై అంచును ఒంటిచేత్తో పట్టుకున్నాడు. పాత చట్రం పై అంచు ఊడి చేతికొస్తుంది. బొమ్మలు మోసేవాడెవడూ అక్కడ పట్టుకోడు. అతని రెండో చెయ్యి చట్రం చాటున ఉంది.

గడియారం గంటలు కొట్టడం మొదలుపెట్టింది.

అత్తయ్య కొప్పులోని మత్తుమందు పూసిన పిన్ను లాగి, రెండంగల్లో చేరి, అతని మెడలో దించింది. మత్తు ఎక్కడానికి మూడు సెకన్లు. సైలెన్సర్ తొడిగిన పిస్టల్ రెండో సెకనులోనే బయటికొచ్చింది. ఆమె అతని మణికట్టు విరిచింది. గుండు నేలచెక్కలో దిగింది. అతను కూలిపోతుండగా, జారుతున్న చట్రాన్ని రెండు పక్కలా పట్టి ఆపింది. అప్పుడు పదకొండో గంట మోగింది. ఇదీ వేడుకలో భాగమేననుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

గైడ్ పారిపోలేదు. తలుపు దగ్గర కాచుకున్న డిపార్ట్‌మెంట్ మనుషులు సైంటిస్ట్‌ను బయటికి దాటించి, ఆమె చేతులు పట్టుకున్నారు.

"ఆ కొరియర్‌కు ఇద్దరు పిల్లలు. నీకు తెలుసు" అంది అత్తయ్య.

"తెలుసక్కా." లిప్‌స్టిక్ కూడా చెదరలేదు. "సాయంత్రం దీపం..."

"నేను పెట్టుకుంటాను."

చెవిలో చీఫ్ గొంతు ఉత్సాహంగా పలికింది. "శభాష్! ఎలా కనిపెట్టారు అత్తయ్యా?"

"ఆరేళ్లుగా బొమ్మలు చూస్తూ కూర్చున్నాను కదండీ."