ముప్పై నాలుగో మెట్టు

పాపం చేసింది సర్వేయర్ పరంజ్యోతి, వేళ్లు అరిగేది అంకమ్మరావుకి. గొలుసు పట్టి గట్టు కొలవడం చేతకాని మనిషి, ఎగిరే కన్నుతో, అదే డ్రోనుతో, ఊరు మొత్తం ఒక్క పూటలో కొలిచేశానన్నాడు. కొత్త భూమి పుస్తకం వచ్చేసరికి అంకమ్మరావు చేను చిక్కి శల్యమైపోయింది. ఇదేందయ్యా అని నిలదీస్తే, "యంత్రం చెప్పింది, నేనా చెప్పింది?" అన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ మాట చెవిలో జోరీగ. ఏడో తరగతితో బడి మానేసి అరక పట్టినవాడు, నలభై ఎనిమిదో ఏట రేవు పక్క కవచశాలలో కూర్చుని నల్లటి తెర మీద ఎల్‌ఎస్ కొడుతున్నాడంటే అంతా ఆ మహానుభావుడి చలవే.

ఇవాళ తెర మీద ఉన్నది ముప్పై మూడో మెట్టు, ఆఖరిది. ఎల్‌ఎస్ కొడితే ఆ మెట్టు గదిలో ఉన్న ఫైళ్లన్నీ వరసగా కనబడతాయి. పేరు ముందు చుక్క ఉన్నవి మాత్రం నక్కి ఉంటాయి. వాటిని ఈడ్చుకురావడానికి వేరే కిటుకుంది. ఏదో ఒక ఫైల్లో ముప్పై రెండక్షరాల జెండా ఉంటుంది. దాన్ని పట్టి కాపరి అనే యంత్రానికి అప్పజెబితే మెట్టెక్కినట్టు. నలభై శాలల్లో పదహారు వేల మంది పొద్దస్తమానం ఇట్లా దొంగగోడలు దూకుతుంటే, ఏ గోడ ఎక్కడ పిగిలిందో కాపరి చూసి నేర్చుకుంటుంది. నేర్చుకుని సర్కారు లెక్కలుండే అసలు కోశాలకి కావలి కాస్తుంది.

"ఏం బాబాయ్, ఇంకా గడప దగ్గరే తచ్చాడుతున్నావా?" అంది పక్క బల్ల రోశమ్మ. ఒకప్పుడు రొయ్యల చెరువుల్లో మేత చల్లిన మనిషి. నోరు మాత్రం ఇంకా చెరువుగట్టు మీదే ఉంది.

"ఇరవై ఆరో మెట్టు మీద మూడు నెలలు కాపరం పెట్టావు. నువ్వా నాకు చెప్పేది?"

"కాపరం పెట్టినా కదిలాగా!"

అంకమ్మరావుకి ఒక అలవాటుంది. కొత్త గదిలో కాలు పెట్టగానే, జెండా సంగతి తర్వాత, ముందు గ్రెప్ కొట్టి తన సర్వే నంబరు వెతుకుతాడు. తప్పిపోయిన ఎద్దుని పేరు పెట్టి ప్రతి సంతలోనూ పిలిచినట్టు. ముప్పై రెండు గదుల్లో పలకలేదు. ఇవాళా కొట్టాడు: 212/3బి.

పలికింది.

గదులకి సరుకు సర్దే పైవాళ్లకి ఉత్తుత్తి లెక్కలు పుట్టించే ఓపిక లేక, అసలు భూకోశం నకలు ఒకటి తెచ్చి ఇందులో పడేశారు. రైతుల పేర్లన్నీ మార్చారు, మిగతాదంతా అట్లాగే వదిలేశారు. పేరు మారిస్తే ఇంకెవరూ ఆనవాలు పట్టరనుకున్నారు. సేద్యగాడు పొలాన్ని పేరుతో పిలవడని, నంబరుతో పిలుస్తాడని వాళ్లకెవరు చెబుతారు?

చుక్క చాటున ఇంకో పుస్తకం దొరికింది, కొలతకి ముందటిది. రెండిటినీ పక్కపక్కన పెట్టి డిఫ్ కొట్టాడు. తేడా ఉన్న వరసలే తెర మీదికొచ్చాయి. పదకొండు వందల నలభై ఆరు. ప్రతి వరస పక్కనా దిద్దిన చేతి పేరు: పరంజ్యోతి. దిద్దిన తేదీ ఎగిరే కన్ను ఎగరడానికి పదకొండు రోజుల ముందుది.

"యంత్రం చెప్పిందన్నావు కదరా," అన్నాడు అంకమ్మరావు, తెరతో.

మధ్యాహ్నానికి జెండా కూడా దొరికింది. అప్పజెప్పగానే శాలంతా వినబడేలా గంట మోగింది. పర్యవేక్షకుడు సుభానీ స్థిరబిళ్ల పట్టుకొచ్చి మెడలో వేశాడు. అది మెడలో ఉన్నవాణ్ని ఇంక ఎవరూ పొమ్మనలేరు.

"ఆనవాయితీ తెలుసుగా," అన్నాడు సుభానీ. "ఆఖరి మెట్టెక్కినవాడు పైమెట్టు కట్టాలి. నీ గది నకలే వాడుకో, ఏదో తేలికైంది కట్టేసి ఇంటికి పో. ఒక్కసారి ముద్ర పడ్డాక మాత్రం తియ్యడం కాపరి వల్ల కూడా కాదు. గొడవొచ్చిందా, బిళ్ల ఊడుద్ది, నువ్వు గేటు బయట."

"కాపరి కూడా దిద్దడానికి వీల్లేదాండీ?"

"జవాబు దిద్దగలిగే కాపరి కాపరెట్లా అవుద్దయ్యా?"

"అదే మరి," అన్నాడు అంకమ్మరావు.

సాయంత్రం దాకా కట్టాడు. కాపరి అడిగేవి రెండే: జవాబుందా, ఒక్కటేనా? రెండిటికీ అవునన్నాడు. ముద్ర పడింది.

కొత్త మెట్టు పడితే మర్నాడు అందరూ ముందు దాన్నే ఎక్కాలి, పర్యవేక్షకులతో సహా. ఎక్కందే హాజరు పడదు. తెల్లారి ఎనిమిదింటికి పదహారు వేల తెరల మీద ఆ రెండు పుస్తకాలూ తెరుచుకున్నాయి. కాసేపు మీటల చప్పుడు.

"బాబాయ్," అంది రోశమ్మ. గొంతులో వెటకారం లేదు. "నూట డెబ్భై ఎనిమిది బార్ రెండు. మా నాయనది. ఇందులో ఉంది."

వెనక వరసలో ఎవరో కుర్చీ తన్ని లేచారు. ఇంకెవరో తమ నంబరు గట్టిగా చదివారు. సుభానీ పరుగున వచ్చాడు.

"ఏం పని చేశావయ్యా! బుద్ధుందా? నిన్ననేగా బిళ్ల వేసింది!"

అంకమ్మరావు బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. "తీసుకోండి. మెట్టు తియ్యమని మాత్రం అడక్కండి."

"పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు! నేనేం చెప్పాలి?"

"యంత్రం చెప్పిందని చెప్పండి."

రోశమ్మ పకపకా నవ్వింది. గోడ మీద హాజరు పలకలో సుభానీ పేరు ఇంకా ఎర్రగానే ఉంది. అంకమ్మరావు లేచి కుర్చీ ఇచ్చాడు. సుభానీ కూర్చుని ప్రశ్న చదివాడు.

సర్వే నంబరు 212/3బి. పాత పుస్తకంలో మూడు ఎకరాల పన్నెండు సెంట్లు. కొత్త పుస్తకంలో డెబ్భై అయిదు సెంట్లు. యంత్రం ఎగరకముందే పోయిన నేల ఎంత? అక్షరాల్లో రాయి.

"రాయక తప్పదా?"

"హాజరు కావాలిగా సార్."

సుభానీ ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. నిలబడి చూస్తున్న అంకమ్మరావు, ఒక్క సెంటు కూడా జారకుండా, వెంట పైకి చదివాడు:

రెండు ఎకరాల ముప్పై ఏడు సెంట్లు.