కోపంగానే కూర్చో

“కుడికాలు పైకెత్తండి. పాదం ఎడమ తొడకి ఆనించండి. చూపు గోడ మీద ఒక్కచోటే ఉండాలి.”

యోగా టీచర్ గొంతు హాలంతా నెమ్మదిగా వినిపిస్తోంది. ముప్పై ఇద్దరు పిల్లలు ముప్పై రెండు చాపల మీద ఒంటికాలిపై నిలబడ్డారు. కొందరు ఊగుతున్నారు. కొందరు నవ్వు ఆపుకోలేక తంటాలు పడుతున్నారు. మూడో వరస చివర ఉన్న అమ్మాయి మాత్రం పళ్ళు నూరుతోంది.

ఆ అమ్మాయికి పదేళ్ళు. పేరు ఒకటుంది కానీ అందరూ చిటపట అనే పిలుస్తారు. నూనెలో వేసిన ఆవాల్లా పేలుతుందని నాన్న పెట్టిన ముద్దుపేరు అది. రెండు నెలల నుంచి ఆ పేరులో ముద్దు పోయింది, పేలడం ఒక్కటే మిగిలింది.

ఆ రోజు మరీ ఘోరం. బస్సు కండక్టరైన అమ్మ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయింది. చిటపట తన జడలు తనే వేసుకుంది. ఒకటి చెవి పైకి, ఒకటి చెవి కిందికి వచ్చాయి. నాన్నకి పాలగ్లాసు అందిస్తే “వద్దన్నానా!” అంటూ చేత్తో తోసేశాడు. పాలన్నీ యూనిఫాం మీద పడ్డాయి. ఉతుక్కుని, తడిగానే వేసుకుని బడికొచ్చింది.

“మనసు ప్రశాంతంగా ఉంచుకోండి,” అంది టీచర్.

‘ఎక్కణ్ణుంచి తెచ్చి ఉంచుకోవాలి?’ అనుకుంది చిటపట.

సరిగ్గా అప్పుడే పక్క చాప మీది పొడుగుపిల్ల ఇటు వంగి గుసగుసగా అడిగింది. “మీ నాన్న లేచి నడుస్తున్నారా? మా అమ్మ కనుక్కోమంది.”

అందులో వెక్కిరింత లేదు. నిజంగానే కనుక్కుందామని అడిగింది. కానీ చిటపటకి చెవుల్లోంచి సెగలు వచ్చాయి.

“నీకెందుకే!” అంటూ రెండు చేతులా ఒక్క తోపు తోసింది.

ఒంటికాలి మీదున్న మనిషిని తోస్తే ఏమవుతుంది? పొడుగుపిల్ల ధబాలున పడింది. పడేటప్పుడు చెయ్యి కింద ఆనించింది. “అమ్మా!” అని అరిచిన అరుపుకి హాల్లో అందరి కాళ్ళూ కిందికి దిగాయి.

మణికట్టు అప్పటికప్పుడే వాచింది. టీచర్ తడిగుడ్డ చుట్టి, పొడుగుపిల్లని ఆయమ్మతో ఆఫీసుగదికి పంపింది. పొడుగుపిల్ల వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఏదైనా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది చిటపటకి.

గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయారు. చిటపటని ఆగమంది టీచర్. మనిషి పొట్టిగా ఉంటుంది, జుట్టు సగం నెరిసింది. ఎవరినీ కొట్టదు. ఆ సంగతి తెలిసినా చిటపట చేతులు వెనక్కి దాచుకుంది.

“కూర్చో. కాసేపు శాంతంగా ఉండు.”

“నాకు శాంతం రాదు టీచర్!” అంది చిటపట. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. “మీరు రోజూ శాంతం శాంతం అంటారు. మా ఇంటికొచ్చి చూడండి, మీకూ రాదు!”

టీచర్ కళ్ళు పెద్దవి చెయ్యలేదు. చాప లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“రాకపోతే మానె. కోపంగానే కూర్చో.”

“ఏంటి?”

“కోపంగానే కూర్చోమంటున్నా. కోపాన్ని ఎక్కడికీ పంపకు. ఊపిరి మాత్రం లెక్కపెట్టు. లోపలికి నాలుగు, బయటికి ఆరు. అంతే.”

“దాంతో ఏమవుతుంది?”

“నాకేం తెలుసు? లెక్కపెట్టి నువ్వే చెప్పు.”

చిటపట మూతి ముడుచుకుని కూర్చుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బయటికి ఆరు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారీ కాలేదు. ఐదోసారి బయటికి వదులుతుంటే ఏడుపు తన్నుకొచ్చింది. దాంతో ఇంకా ఒళ్ళుమండింది. టీచర్ ముందు ఏడవడమా? సంచీ భుజాన వేసుకుని “నాకు చేతకాదు” అని వచ్చేసింది. టీచర్ ఆపలేదు.

ఇల్లు మూడో అంతస్తులో. చిటపట మెట్లన్నీ దబదబా ఎక్కింది. లోపలికొచ్చి తలుపు ధడాలున వేసింది. గడియ కూడా పెట్టలేదు.

కిటికీ పక్క మంచం మీద నాన్న పడుకుని ఉన్నాడు. నాన్న క్రేన్ నడిపేవాడు. పదంతస్తుల ఎత్తున చిన్న అద్దాలగదిలో కూర్చుని ఇనుపదూలాల్ని పుల్లల్లా లేపేవాడు. రెండు నెలల కిందట పని ముగించుకుని నిచ్చెన దిగుతూ, ఇక నేల అందుతుందనగా కాలుజారి వెల్లకిలా పడ్డాడు. వెన్నుకి ఆపరేషన్ అయింది. మళ్ళీ నడవగలడు, కానీ రోజూ వ్యాయామం చెయ్యాలన్నాడు డాక్టరు. అందుకోసం రోజూ సాయంత్రం ఐదింటికి ఫిజియోథెరపీ అక్క వస్తుంది. వారం నుంచి నాన్న ఆ అక్కని గుమ్మంలోంచే పంపేస్తున్నాడు.

“బళ్ళోంచి ఫోనొచ్చింది,” అన్నాడు నాన్న. “ఎవరో పిల్లని తోసేశావట. చెయ్యి వాచిందట. ఏం బుద్ధి నీది?”

“నువ్వు పొద్దున పాలు తొయ్యలేదా?”

“నోర్ముయ్! అదీ ఇదీ ఒకటేనా?”

“ఒకటే! అమ్మేమో బస్సులో, నువ్వేమో మంచంలో. అన్నీ నేనే చూసుకోవాలి. అక్క కాలెత్తమంటే ఎత్తవు. ఊపిరి పీల్చమంటే పీల్చవు. నీకు భయం! నువ్వు పిరికివాడివి నాన్నా!”

మాట నోట్లోంచి వచ్చేసింది.

నాన్న ముఖం పాలిపోయింది. తిరిగి అరుస్తాడనుకుంది. అరవలేదు. గోడవైపు తల తిప్పుకున్నాడు.

చిటపట వంటగదిలోకి వెళ్ళి బకెట్‌ని కాలితో తన్నింది. వేలికి దెబ్బ తగిలింది. దాని మీదా కోపమొచ్చింది. నీళ్ళు తాగుదామని గ్లాసు తీసింది కానీ తాగబుద్ధి కాలేదు.

అప్పుడే పక్కగదిలో మంచం కిర్రుమంది. తర్వాత ఏదో జారిన చప్పుడు. తర్వాత నాన్న మూలుగు.

పరుగెత్తింది.

నాన్న నేల మీద ఉన్నాడు. ఎవరి సాయం లేకుండా లేచి నిలబడదామని చూశాడు. కాళ్ళు నిలవలేదు. మంచం పట్టె పట్టుకుని మెల్లగా కిందికి జారిపోయాడు. ఇప్పుడు కూర్చునే ఉన్నాడు కానీ వీపుకి ఏ ఆధారమూ లేదు. ఒక్క చెయ్యే మంచంకోడుని పట్టుకుని ఉంది. ఆ పట్టూ జారిపోతోంది.

“ఎవరినైనా పిలు,” అన్నాడు రొప్పుతూ.

చిటపట ఒక్క అడుగు వేసిందో లేదో నాన్న వెనక్కి ఒరగబోయాడు. చటుక్కున వచ్చి ఆయన వెనక కూలబడింది. తన వీపుని ఆయన వీపుకి ఆనించి, రెండు పాదాలూ ఎదురుగోడకి తన్నిపెట్టి కూర్చుంది. బరువంతా ఒక్కసారి మీద పడ్డట్టయింది. అయినా కదల్లేదు.

“చెయ్యి వదిలెయ్యి నాన్నా. నేనున్నా.”

నాన్న కోడుని వదిలాడు.

ఫోను బల్ల మీద ఉంది, అందదు. “ఎవరైనా రండి!” అని మూడుసార్లు అరిచింది. కింద రోడ్డు మీద లారీల హారన్ల మోతలో ఎవరికి వినిపిస్తుంది? గోడ మీద గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. అక్క వచ్చేది ఐదింటికి.

నాన్న ఊపిరి పొట్టిపొట్టిగా, తొందరతొందరగా వస్తోంది. పరుగెత్తి వచ్చిన కుక్కపిల్లలా ఎగపోస్తున్నాడు. వీపుకి వీపు ఆని ఉంది కాబట్టి ఆ అదురు చిటపటకి తన ఒంట్లోనే తెలుస్తోంది. ఆమెకి భయమేసింది.

“నాన్నా, ఊపిరి లెక్కపెట్టు. లోపలికి నాలుగు, బయటికి ఆరు.”

“ఇప్పుడా నీ యోగా!” కసురుకున్నాడు నాన్న. “ఇక్కడ నా ప్రాణం మీదికొస్తుంటే శాంతంగా ఊపిరి పీల్చాలా?”

“శాంతంగా వద్దులే! కోపంగానే పీల్చు! నాక్కూడా కోపంగానే ఉంది!”

చిటపట గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్కపెట్టడం కాదు, తిట్టినట్టే ఉంది. “ఒకటి! రెండు! మూడు! నాలుగు! వదులు! ఒకటి! రెండు!...”

మొదట ఇద్దరి ఊపిరీ కలవలేదు. ఆమె పీలుస్తుంటే ఆయన వదిలాడు. ఆయన పీలుస్తుంటే ఆమెకి దగ్గొచ్చింది. “సరిగ్గా చెయ్యి!” అని అరిచింది. “నువ్వే తొందరపడుతున్నావు!” అని ఆయన అరిచాడు. మళ్ళీ మొదటి నుంచి.

ఎన్నోసారికో తెలీదు, నాన్న వీపు పెద్దదవుతుంటే తన వీపూ పెద్దదవడం చిటపటకి తెలిసింది. ఆయనది దిగుతుంటే తనదీ దిగుతోంది. అరుపు తగ్గింది. అంకెలు మామూలు గొంతులోకి వచ్చాయి. ఆ తర్వాత అంకెల అవసరం కూడా లేకపోయింది.

అప్పుడు నాన్న వీపు వేరేలా కదిలింది. సన్నగా, ఆగి ఆగి. నాన్న ఏడుస్తున్నాడు.

చిటపట తల తిప్పలేదు. తిప్పితే ఆయన ఆపేస్తాడని ఆమెకి తెలుసు.

“నువ్వన్నది నిజమే,” అన్నాడు కాసేపటికి. “కాలెత్తమంటే భయం. ఎత్తినా లేవకపోతే? అదొక్కటే నా గోల. భయమని చెప్పడానికి సిగ్గేసి అందరి మీదా అరుస్తున్నా.”

“నేనలా అనకుండా ఉండాల్సింది.”

“అనకుండా ఉండాల్సింది,” అన్నాడు నాన్న. “నేనూ పాలు తొయ్యకుండా ఉండాల్సింది. వేడిగా ఉన్నాయా?”

“లేవులే. చల్లారిపోయినవే.”

చిటపట కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి. హాల్లో వచ్చిన ఏడుపే ఇది. ఈసారి దాన్ని ఆపడానికి లేచి పారిపోయే వీలు లేదు. అందుకని రానిచ్చింది.

ఐదుకి రెండు నిమిషాలుందనగా తలుపు చప్పుడైంది.

“అన్నయ్యా, ఇవాళ కూడా పొమ్మంటారా?” అంటూ తొంగిచూసిన అక్క ఒక్క ఉదుటున లోపలికొచ్చింది. నాన్న వెన్ను తడిమి చూసింది, కాళ్ళవేళ్ళు కదపమంది. నడుముకి బెల్టు బిగించి, పక్క ఫ్లాటాయన్ని పిలుచుకొచ్చి, ఇద్దరూ కలిసి నాన్నని మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడింది. “వెన్నుకేం కాలేదనే అనిపిస్తోంది. రేపు ఒకసారి చూపించండి,” అంది. ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని నాన్నని చడామడా తిట్టింది. నాన్న మారుమాట్లాడకుండా తిట్లన్నీ తిన్నాడు.

“రేపు రానా, మాననా?”

“రామ్మా,” అన్నాడు నాన్న.

మర్నాడు పొడుగుపిల్ల కుడిచేతికి కట్టుతో బడికొచ్చింది. తెలుగు టీచర్ బోర్డు నిండా రాస్తుంటే అందరూ చకచకా దించుకుంటున్నారు. పొడుగుపిల్ల ఎడంచేత్తో పెన్ను పట్టుకుని ఒక్క అక్షరం రాసింది. అది అక్షరంలా లేదు.

గంట కొట్టగానే చిటపట వెళ్ళి ఆమె బెంచీ పక్కన నిలబడింది.

“నిన్న నిన్ను తోసినందుకు...” అని మొదలుపెట్టింది.

“నాతో మాట్లాడకు!” అంది పొడుగుపిల్ల. “కనుక్కోవడం కూడా తప్పేనా? రాత్రంతా చెయ్యి ఎంత పీకిందో తెలుసా నీకు? నువ్వంటే నాకు అసహ్యం!”

క్లాసంతా ఇటు తిరిగింది. చిటపట చెవులు వేడెక్కాయి. ‘మాట్లాడకపోతే పో’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకుని నిలబడింది. లోపలికి నాలుగు, బయటికి ఆరు. ఇంకోసారి. అప్పటికీ కోపం పోలేదు. కానీ ఆ మాట మాత్రం ఆగింది.

“మా నాన్న ఇంకా నడవట్లేదు,” అంది. “నువ్వు అడిగావుగా. నిన్న సాయంత్రం మంచంలోనే, తనంతట తనే, మోకాలు ఇంత పైకెత్తాడు.” బొటనవేలు, చూపుడువేలు కొంచెం ఎడంగా పెట్టి చూపించింది.

పొడుగుపిల్ల ఆ వేళ్ళ వంక చూసింది. మళ్ళీ ముఖం తిప్పుకుంది.

చిటపట బెంచీ చివర కూర్చుంది. “నీ చెయ్యి బాగయ్యేదాకా నీ నోట్సు నేను రాస్తా. నువ్వు మాట్లాడక్కర్లేదు. తిట్టుకుంటూనే ఉండు.”

పొడుగుపిల్ల ఎడంచేత్తో నోట్‌బుక్కుని చిటపటవైపు జరిపింది, ముఖం మాత్రం కిటికీవైపే ఉంచి.

చిటపట పెన్ను మూత తీసింది.

“ముందు మార్జిన్ కొట్టు,” అంది పొడుగుపిల్ల విసుగ్గా. “వంకరగా వస్తే ఊరుకోను.”

చిటపట స్కేలు తీసుకుని, ఊపిరి బిగబట్టకుండా, నిటారుగా గీత గీసింది.