బావ దగ్గు

ముసురు పట్టిన మధ్యాహ్నం. అక్క ఇంటి ముందుగదిలో, ఆరని బట్టల వాసన మధ్య, తమ్ముడు కంప్యూటరుతో కుస్తీ పడుతున్నాడు.

అక్క అడిగింది చిన్న పనే. చనిపోయిన బావ వీడియో ఒకటి ఆమె దగ్గర మిగిలింది. అందులో ఆయన ఏదో చెప్పి పడీపడీ నవ్వుతాడు, నవ్వు కాస్తా దగ్గులోకి దిగుతుంది. ఆ దగ్గు తీసేసి నవ్వు మట్టుకు ఉంచమంది. ఆమె పాత కంప్యూటరు పెద్ద సాఫ్ట్‌వేర్ ఏది పెట్టినా ఆయాసపడి ఆగిపోతోంది. అందుకే తమ్ముడు తనే వేలెడంత యాప్ ఒకటి రాయడానికి పూనుకున్నాడు. మొదలు ఇక్కడ, చివర ఇక్కడ, కత్తిరించు. అంతే.

ఆ అంతే అనుకున్న పని తల ప్రాణం తోకకు తెచ్చింది. ఎక్కడ గుర్తు పెట్టినా ముక్క చివర దగ్గు ఉండనే ఉంది. గుర్తు వెనక్కి జరిపాడు. దగ్గూ వెనక్కి జరిగింది. రాసిందంతా చెరిపి మళ్ళీ రాశాడు. నవ్వు సగానికి తెగింది గానీ దగ్గు తెగలేదు. మహానుభావుడు బతికున్నప్పుడూ ఒక పట్టాన మాట వినలేదు కదా అని పళ్ళు కొరుక్కున్నాడు.

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న అక్క, పోనీలే, వదిలెయ్యమంది. దాంతో అతనికి మరింత మొండితనం వచ్చింది. కోడ్‌లో ఒక్క వరుస మార్చి కసిగా నొక్కాడు.

బావ నవ్వాడు. వీడియో అక్కడే ఆగింది. దగ్గు లేదు.

హమ్మయ్య అని వెనక్కి వాలాడు.

పక్కగదిలో ఎవరో దగ్గారు.

తడి దగ్గు... ఛాతీ అడుగు నుంచి లాగుతున్నట్టు... ఆగి... మళ్ళీ. మందుల వాసన సన్నగా తగిలింది. అక్క మెల్లగా ఏదో అంటోంది. గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు.

లేవబోయి ఆగాడు. చేతికి అందింది అన్‌డూ ఒక్కటే. నొక్కాడు. కత్తిరించిన ముక్క వచ్చి వీడియోకి అతుక్కుంది.

పక్కగదిలో దగ్గు మధ్యలోనే తెగిపోయింది.

చాలాసేపు వాన చప్పుడే. తర్వాత అక్క గుమ్మంలోకి వచ్చింది. ముఖం ఎన్నాళ్ళకో తేటగా ఉంది. చేతిలో గ్లాసు.

"మళ్ళీ కత్తిరించరా," అంది గుసగుసగా. "మీ బావ ఇంకా సగమే తాగారు."

అతను తెర వైపు తిరిగాడు. వీడియో ఆగే ఉంది. ఆ కదలని బొమ్మలో, బావ గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి.