గంగ చెంబుకు తనిఖీ లేదు

"విమానం పేల్చేస్తరట," అన్నాడు చాంద్‌పాషా, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ.

1963. తాండూరు స్టేషన్ ఎదుట నాపరాళ్ల గోదాము వెనక గది. చాంద్‌పాషా పైకి రాళ్ల వ్యాపారి, లోపల ఇంటెలిజెన్స్ చీఫ్. ఎదుట ఏజెంట్ అనంతయ్య, కందిపప్పు దళారి వేషంలో.

"ఢిల్లీ ఫ్లైట్. విదేశీ ముఠా. నీళ్ల లెక్క పేలుడు మందు, అండ్ల గడియారం. గీ రైల్లనే వికారాబాద్ పోతది. ఆడ స్టేషన్ బయట విమానం కంపెనీ వ్యాన్ ఉంటది. సామాన్లు చూసి ఎక్కిస్తరు."

"ఏమేం రానియ్యరు సాబ్?"

"కిరసనాయిలు, యాసిడ్, పటాకులు. పచ్చడి, నెయ్యి మూతి గట్టిగ కడితే పోతయి. కాశీ గంగ చెంబైతే విప్పనే విప్పరు. నా మక్కా జంజం నీళ్ల డబ్బా విప్పితే నేనూకుంటనా?" చాంద్‌పాషా సాసర్ కింద పెట్టాడు. "ఇంటామె పోయి నెల గాలే. వేరేటోన్ని పంపాల్నా?"

"వద్దు సాబ్. ఇంట్ల కూసోని ఏం జేస్త."

వెంకటమ్మ పోయిన నాడు అతను డ్యూటీలో ఉన్నాడు. ఇంటి పెద్దే విప్పాలని గంగ చెంబు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆమె గొంతులో చుక్క పడలేదు. అప్పటినుంచి అన్నానికి రుచి లేదు, కంటికి తడి లేదు. దేవుణ్ణి ఒక్క మాట అడగాలనుకుంటాడు. దీపం పెట్టి లేచి వచ్చేస్తాడు.

రైల్లో సిల్కు చీర, నల్ల కళ్లద్దాలతో ఇస్మత్ ఎదుట కూర్చుంది. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు కబురందించే డబుల్ ఏజెంట్.

"పప్పు ఉడికిందా?"

"నీళ్లు చాలలే," అన్నాడు అనంతయ్య.

కోడ్ కుదిరింది. "గా ముసలామె జాడీ," అంది ఆమె, పెదవి కదపకుండా.

జాడీ పట్టుకున్నది యాదమ్మ. ఆమె పక్కన కాషాయం కట్టిన భీమప్ప అనే యాత్రికుడు, ఒళ్లో సీలు వేసిన రాగి చెంబు. అనంతయ్య చెంబుకు దండం పెట్టుకున్నాడు.

వికారాబాద్‌లో వ్యాన్ పక్కన యాదమ్మ జాడీ విప్పించాడు. పెన్నులో దాచిన బ్లేడు తీసి లోపల గుచ్చాడు. మామిడి ముక్క తగిలింది.

"మిలిటరీ అల్లుడు టిక్కెట్ పంపిండని పోతున్న. నాది బాంబులు పెట్టే మొఖమా?" అంది యాదమ్మ. "తడి చెయ్యి పెట్టకు, బూజు పడ్తది."

అప్పుడే భీమప్ప చెంబును చెప్పుల కాళ్ల మధ్య నేలమీద దించి, దాని మీదుగా దాటి టిక్కెట్ చూపించాడు. కూలీ చెంబును కళ్లకద్దుకుని వ్యాన్‌లో పెట్టాడు.

కాశీ నుంచి మోసుకొచ్చినవాడు గంగను దాటడు.

మూసుకుంటున్న తలుపులో అనంతయ్య చెయ్యి పెట్టాడు. చెంబును చెవికి ఆనించాడు. టిక్, టిక్. ఇంట్లో విప్పని సీలు ఇక్కడ కోశాడు. వైరు తెంపి గడియారం లాగాడు. మారువేషాల్లో కాపు కాసిన పోలీసులు భీమప్పనూ, కావాలనే తప్పు జాడ చెప్పిన ఇస్మత్‌నూ పట్టుకున్నారు.

"దాటితే ఏమైతది?" అడిగింది ఇస్మత్, నిజంగానే తెలియక.

"ఏం గాదు. దాటరు, గంతే."

మూతి విప్పిన జాడీని వ్యాన్‌వాళ్లు ఎక్కించుకోలేదు. "విప్పినోనివి నువ్వే, తిను," అంటూ యాదమ్మ ఒక ముక్క అతని అరచేతిలో పెట్టింది. కొరికాడు. నెల తర్వాత నాలుకకు కారం తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆగలేదు.

"కారమా నాయనా?"

"కారమే," అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు.

రిపోర్టులో ఇలా రాశాడు: స్వాధీనం చేసుకున్నవి చెంబు ఒకటి, గడియారం ఒకటి, ఆవకాయ జాడీ ఒకటి. చివరిది కోర్టుకు పంపే స్థితిలో లేదు.